టీవీ వెనకాల ఏముంది?

"పన్నెండూ వచ్చేశాయమ్మా! బొమ్మ కాస్త మసగ్గా ఉంది గానీ గొంతు మాత్రం ఖంగుమంటోంది. అన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించేశాను. వచ్చి పట్టుకెళ్లండి" అన్నాడు ఫొటో స్టూడియో ఆయన ఫోనులో.

ఒళ్లో బఠాణీల గిన్నె ఉందన్న సంగతి మరిచిపోయి లేచి నిలబడ్డాను. బఠాణీలు హాలంతా పరుగులు తీశాయి.

"అత్తయ్యా! మీ పాఠాలు బతికాయి! ఇరవై రెండేళ్ల క్యాసెట్లు, బూజు పట్టాయి, ఏమీ రాకపోవచ్చు అన్నాడు కదా! అన్నీ వచ్చేశాయట!"

అత్తయ్య కుట్టుమిషను ఆపలేదు. కానీ ఆవిడ పాదం కింద లయ ఒక్క క్షణం తప్పింది. పెళ్లయి నలభై మూడు రోజులే అయినా, ఆ మిషను చప్పుణ్ణి బట్టి ఆవిడ మనసు పసిగట్టగలిగేంత దాన్నయ్యాను నేను.

"వస్తే వచ్చాయి. ముందు ఆ బఠాణీలు ఏరమ్మాయ్. ఎవరి కాలి కిందైనా పడితే జారిపడతారు."

'ఎవరి' అన్నప్పుడు ఆవిడ చూపు, స్టూలు మీద కూర్చుని రంపం పళ్లకి ఆకురాయి పెడుతున్న మామయ్య దాకా వెళ్లి తిరిగొచ్చేసింది. మూడు రోజుల్లో మామయ్యకి దక్కిన మొదటి చూపు అది.

ఆయన తన కాలి దగ్గర ఆగిన బఠాణీ తీసి నా గిన్నెలో వేశారు. "జారనని చెప్పు మీ అత్తయ్యతో."

"అత్తయ్యా, మామయ్య జారరట."

"విన్నాన్లే. చెవులు బాగానే ఉన్నాయి నాకు. నోరే లేదని కదా కొందరి ఉద్దేశం."

ఆకురాయి మళ్లీ కిర్రుమంది.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మూడు రోజుల నుంచి మాత్రం పోస్టాఫీసుగా పనిచేస్తున్నాను. సోమవారం కుట్టుపని నేర్పే స్కూలు నుంచి మేడం వచ్చి, "మీరు కాలర్లూ కాజాలూ కుట్టడం కెమెరా ముందు చెప్తే మా పిల్లలకి చూపించుకుంటాం" అని అడిగారు. అత్తయ్య నోరు తెరిచేలోపే, మంచినీళ్లు అందిస్తున్న మామయ్య, "ఆవిడ ఒప్పుకోదులెండి. కెమెరా అంటే పడదు" అనేశారు.

"తొందరేం లేదు, శుక్రవారం సాయంత్రం అయిదింటిలోపు ఫోను చేసి చెప్పండి" అని మేడం వెళ్లిపోయారు. అత్తయ్య మామయ్యని ఒకే ఒక్క మాట అడిగారు. "నా నోట్లో ఉండాల్సిన జవాబు మీ నోట్లోకెలా వచ్చింది?" అంతే. ఆ తర్వాత మాటల్లేవు.

అయితే మేడంకి 'సరే' అనే ధైర్యం అత్తయ్యకీ లేదు. ఒకప్పుడు ఊరి కేబుల్ ఛానల్లో ఆవిడ కుట్టుపాఠాలు చెప్పారు. అవి నేరుగా ప్రసారమయ్యేవి కాబట్టి, తానెలా చెప్పిందీ తానెప్పుడూ చూసుకోలేదు. మామయ్య వాటిని క్యాసెట్లలోకి ఎక్కించినా, వేసి చూడ్డానికి ఇంట్లో వీసీఆర్ లేదు. "బాగా చెప్పి ఉండను" అంటారు. ఆ క్యాసెట్లు మామయ్య పనిముట్ల పెట్టె అడుగున దుప్పట్లో చుట్టి ఉన్నాయని తెలిసి అడిగితే, ఆయన మూట తీసి నా చేతిలో పెట్టారు. ముడి కూడా విప్పకుండా స్టూడియోలో ఇచ్చొచ్చాను.

ఇక ఈవేళ గురువారం.

"ఫోన్లో వేసి చూపించనా అత్తయ్యా? ఇప్పుడే, ఈ నిమిషమే!"

"ఫోన్లోనా? నా చేతులు చీమల్లా కనబడతాయి. ఆ కుట్టేంటో, ఆ చెయ్యేంటో ఏం తెలుస్తుంది?" ఆవిడ దారం పుటుక్కున తెంపారు. "టీవీలో చెప్పాను. చూస్తే టీవీలోనే చూస్తా. లేకపోతే లేదు. మేడంకి కుదరదని చెప్పేస్తా."

మా టీవీకేమో పెన్‌డ్రైవ్ అంటే ఏంటో తెలియదు. దానికీ దీనికీ మధ్య నిలబడి బొమ్మ చూపించే డబ్బా ఒకటి కావాలి. రేపు అయిదులోపు కావాలి.

నాకు భయం వెయ్యాలి నిజానికి. కానీ కొనడానికి మావారితో కలిసి బజారుకి వెళ్లాలి కదా అన్న ఆలోచన రాగానే బుగ్గలు వేడెక్కాయి. 'మావారు' అని రాసినప్పుడల్లా నాకు ఇంకా నవ్వొస్తుంది.

* * *

మావారు కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తారు. ఆరింటికి ఇంటికొచ్చేసరికి నేను చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను, చేతిలో నోటుబుక్కుతో.

"అదేంటది?"

"డబ్బాల పట్టిక. పద్నాలుగు రకాలు. ధర, బరువు, రిమోటుకి ఎన్ని బొత్తాలు, ఎన్నాళ్ల గ్యారంటీ, కొన్నవాళ్లు ఏం తిట్టారు, అన్నీ గళ్లు గీసి రాశాను."

"లైబ్రరీ సైన్సు చదివినదాన్ని చేసుకోవద్దని మా చిన్నది ముందే చెప్పింది" అన్నారాయన.

చిన్నదంటే నా ఆడపడుచు. కాలేజీ నుంచి వచ్చి సోఫాలో కూలబడి ఉంది. "అన్నయ్యా, ఆ డబ్బాలూ గిబ్బాలూ వద్దు. పుల్ల కొనండి, స్టిక్కంటారే అది. నా స్నేహితురాలింట్లో ఉంది. టీవీకి గుచ్చితే చాలు, లోకంలో ఉన్న సినిమాలన్నీ వచ్చేస్తాయి."

"సినిమాల కోసం కాదు చిన్నదానా, మీ అమ్మ పాఠాల కోసం."

"పాఠాలయ్యాక టీవీ ఖాళీయే కదా వదినా!"

బజారులో ఎలక్ట్రానిక్సు షాపాయన్ని అందరూ 'రిమోట్ బాబాయ్' అంటారు. చొక్కా జేబులో ఎప్పుడూ అయిదారు రిమోట్లు పెన్నుల్లా గుచ్చుకుని ఉంటారు. మావారు వెళ్లగానే పుల్ల కావాలన్నారు. నేను ఆయన చెయ్యి గిల్లాను. బాబాయ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు.

"కొత్త దంపతులా?"

"ఎలా తెలిసింది?"

"పాత దంపతులైతే ఎవరో ఒకరే వస్తారమ్మా. సరే, ఏం చూస్తారు?"

"కుట్టుపాఠాలు" అన్నాను.

"ఎందులో ఉన్నాయి?"

"పెన్‌డ్రైవ్‌లో."

"ఇంట్లో ఇంటర్నెట్ ఉందా?"

"ఫోన్లలోనే" అన్నారు మావారు.

"మరి పుల్లెందుకు నాయనా? దానికి పెన్‌డ్రైవ్ దూర్చే చోటే ఉండదు. ఇంటర్నెట్ లేకపోతే తాళాల గుత్తికి తగిలించుకోవాలి దాన్ని." ఆయన బల్ల కిందకి వంగి ఒక నల్లటి చిన్న డబ్బా తీశారు. సబ్బుబిళ్లంత ఉంది. "దీనికి అందం లేదు, పేరు లేదు. ఇంటర్నెట్ అసలే తెలియదు. పెన్‌డ్రైవ్ పెడితే అందులో ఉన్నది చూపిస్తుంది, అంతే. పుల్ల ధరలో మూడోవంతు."

నా పద్నాలుగింటిలో అది లేనే లేదు! అయినా చూడగానే నచ్చేసింది. దాని రిమోటు నా అరచేతిలో సరిగ్గా పట్టింది. ప్లే బొత్తాం ఒక్కటి ఆకుపచ్చ, మిగతావన్నీ తెలుపు. దాన్ని రెండుసార్లు నొక్కి చూసుకున్నాను.

"బాగుంది. ఇదే ఇవ్వండి."

"ఇస్తా. మీ టీవీ వెనకాల ఏముంది?"

"అంటే?"

"తీగ పెట్టే కన్నాలమ్మా. ఎరుపు, తెలుపు, పసుపు, మూడు గుండ్రటివా? లేకపోతే ఒకటే వెడల్పాటిదా?"

నేను మావారి వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. పద్నాలుగు డబ్బాల గురించి డెబ్బై గళ్లు గీశాను. మా టీవీ గురించి ఒక్క గడీ గీయలేదు.

"నేను దాని ముఖమే చూశాను, వీపు చూళ్లేదు" అన్నాను.

"నేనూ చూసి ఆరేళ్లయింది" అన్నారు మావారు.

బాబాయ్‌కి చెప్పక తప్పలేదు. మా మామయ్య వడ్రంగి. చీల కొట్టరు, మర బిగించరు, చెక్కలో చెక్క దూర్చి బిగిస్తారు. ఆరేళ్ల కిందట టీవీ కొన్నప్పుడు దాని చుట్టూ, తెర మాత్రం కనబడేలా ఒక చెక్కపెట్టె కట్టి, విప్పడానికి వీల్లేకుండా గోడకి బిగించేశారు. టీవీ లోపల, కేబుల్ డబ్బా లోపల, రిమోటు కోసం చింతగింజంత కన్నం. గాలాడడానికి పక్కన చెక్కకీ గోడకీ మధ్య రెండు వేళ్ల సందు. అంతే. వెనకాల గోడ.

"టీవీ పాడైతే ఎలా?" అన్నారు బాబాయ్ నోరు తెరిచి.

"మా నాన్న పెట్టెలో పెట్టింది పాడవదట" అన్నారు మావారు.

బాబాయ్ చాలాసేపు నవ్వారు. ఆ నవ్వుకి జేబులో రిమోట్లు గలగలలాడాయి. తర్వాత రెండు రకాల తీగలూ తీసి సంచిలో వేశారు. "ఏది పడితే అది పెట్టుకోండి, రెండోది తిరిగిచ్చెయ్యండి. కానీ ఏది పెట్టాలన్నా ముందు చెయ్యి వెళ్లాలి కదమ్మా."

స్టూడియోలో పెన్‌డ్రైవ్ తీసుకుని ఇంటికి నడిచాం. దారంతా డబ్బాని నేనే పట్టుకున్నాను. "బరువా, ఇటివ్వు" అన్నారు మావారు రెండుసార్లు. సబ్బుబిళ్లంత దాన్ని పట్టుకుంటే బరువా అని అడిగే మనిషి దొరికాడంటే నాకింకేం కావాలి?

* * *

మావారు తన పనిసంచిలోంచి గుండ్రటి అద్దం, చిన్న టార్చి తీశారు. పెట్టె పక్క సందులోంచి అద్దాన్ని సన్నటి కర్రకి కట్టి లోపలికి దూర్చారు. నేను టార్చి పట్టుకున్నాను. మా తలలు రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి.

"ఇంకొంచెం పైకి. బూజు... బూజు... ఆగండి!"

ఎరుపు, తెలుపు, పసుపు. దుమ్ములో మూడు చుక్కలు. నాకు చప్పట్లు కొట్టాలనిపించి టార్చి కింద పడేశాను.

"మూడు రంగులవే! అత్తయ్యా, మూడు రంగులవే!"

"సంతోషం" అన్నారు అత్తయ్య మిషను దగ్గర్నుంచే. కానీ కుర్చీ ఇటు తిప్పుకున్నారు.

ఇక చెయ్యి. ఇంట్లో అందరికన్నా సన్నటి చెయ్యి చిన్నదానిది. తీగ పట్టుకుని సందులోకి దూర్చింది. వేళ్లు వెళ్లాయి. అరచెయ్యి వెళ్లింది. మణికట్టు దగ్గర ఆగింది. తీగ కన్నానికి ఇంకా జానెడు దూరం.

"వెనక్కి తియ్యి" అన్నారు మావారు.

"రావట్లేదు."

"అంటే?"

"అంటే రావట్లేదు అన్నయ్యా! వదినా, రేపు నా చెయ్యి ఇక్కడే వదిలేసి కాలేజీకి వెళ్లనా?"

మావారు లాగారు, అది అరిచింది. అత్తయ్య లేచొచ్చారు. మిషను నూనె డబ్బా తెచ్చి, దాని ముక్కు సందులో పెట్టి నాలుగు చుక్కలు వేశారు. "పిడికిలి వదులు. వదులుగా పెట్టు. ఇప్పుడు తియ్యి." చెయ్యి వచ్చేసింది, తీగ లోపల ఉండిపోయింది. దాన్ని మావారు కొక్కెంతో బయటికి లాగారు.

ఇదంతా మామయ్య స్టూలు మీద నుంచి చూస్తున్నారు.

నేనే వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను. "మామయ్యా, పక్క చెక్కకి చెయ్యి పట్టేంత కన్నం పెడితే సరిపోతుంది."

"కుదరదమ్మా."

"చిన్న కన్నమే!"

"ఆ పక్కది ఒకే చెక్క. అతుకు లేదు. దాని గీతలు చూడు, కింద మొదలైంది పైదాకా ఆగకుండా పోయింది. అలాంటి చెక్క కోసం ఏడాది ఆగాను." ఆయన గొంతులో కోపం లేదు. "దానికి బొక్క పెడతారా ఎవరైనా?"

"నాన్నా, ఇవాళ కాకపోతే రేపైనా టీవీ పాడవుతుంది. అప్పుడు తెరవాలిగా?" అన్నారు మావారు.

"ఆరేళ్లయింది. పాడయిందా?"

మావారు కొక్కెం సంచిలో పెట్టేసుకున్నారు.

"చెప్పమ్మాయ్ మీ మామయ్యతో..." అని మొదలుపెట్టిన అత్తయ్య మధ్యలో ఆగిపోయారు. "వద్దులే, ఏం చెప్పకు. ఆయన పెట్టె ఆయనిష్టం. పదకొండు పాఠాలు చూడకపోతే కొంపలేం మునగవు."

"పదకొండేంటి అత్తయ్యా? పన్నెండు" అన్నాను డబ్బా మీది ప్లాస్టిక్ కాగితం తీస్తూ.

తలెత్తి చూస్తే అత్తయ్య ముఖంలో రంగు లేదు.

"నేను చెప్పింది పదకొండే."

"స్టూడియో ఆయన పన్నెండూ వచ్చాయన్నాడే..."

అత్తయ్య మెడలో వేలాడుతున్న కొలతటేపుని వేలికి చుట్టుకున్నారు, విప్పారు, మళ్లీ చుట్టుకున్నారు. తర్వాత మామూలు గొంతుతోనే చెప్పారు.

"పన్నెండోది కాజాల పాఠం. సగంలో చెయ్యి వణికింది. కత్తెర జారి బల్ల మీద పడింది. ఆ చప్పుడుకి నోట మాట పోయింది. ఎదురుగా కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికొచ్చేశాను. మళ్లీ ఆ ఛానల్ వాళ్ల గుమ్మం తొక్కలేదు."

చిన్నది నూనె తుడుచుకోవడం ఆపేసింది. ఈ సంగతి దానికీ తెలియదు, మావారికీ తెలియదు.

అత్తయ్య మామయ్య వైపు తిరిగారు. నా వైపు కాదు, ఆయన వైపే.

"అదెందుకు దాచారు?"

నా పోస్టాఫీసు మూతపడింది. సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

"ఆ రోజు ఇంటికొచ్చి, దాని ఊసు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నావు. ఎత్తలేదు" అన్నారు మామయ్య.

"ఊసెత్తలేదు. క్యాసెట్టు మాత్రం దాచారు."

"దాచొద్దనలేదుగా."

చిన్నదానికి నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుని గోడ వైపు తిరిగింది.

"అందుకేనా మేడంతో నాకు కెమెరా పడదన్నారు?"

మామయ్య ఆకురాయి కింద పెట్టారు. "కాదనడానికి నువ్వు ఇబ్బంది పడతావనుకున్నా. అడగాల్సింది. అడక్కుండా అనేశాను. తప్పే."

అత్తయ్య నా దగ్గరికొచ్చి నా చేతిలో డబ్బాని చూశారు, రిమోటు మీది ఆకుపచ్చ బొత్తాన్ని వేలితో ఒకసారి తాకారు. "ముద్దుగా ఉందమ్మాయ్. కానీ తిరిగిచ్చెయ్. నేను లేచిపోవడం చూడ్డానికి టీవీ ఎందుకు? నాకు గుర్తే ఉంది."

డబ్బాని మళ్లీ ఆ ప్లాస్టిక్ కాగితంలో చుట్టడం మొదలుపెట్టాను. మావారు నా భుజం మీద చెయ్యి వేశారు. అత్తయ్య అప్పుడే వెనుదిరిగారు.

"నీకు గుర్తున్నది నువ్వు లేచేదాకానే" అన్నారు మామయ్య.

ఆవిడ ఆగారు.

"నువ్వొచ్చేశాక కూడా కెమెరా తిరుగుతూనే ఉంది. నేను పక్కింట్లో వాళ్ల టీవీ ముందు కూర్చుని క్యాసెట్టులో ఎక్కిస్తున్నా. ఆ తర్వాతదంతా నేను చూశాను. నువ్వు చూళ్లేదు."

"ఏముంది తర్వాత?"

"నేను చెప్తే మళ్లీ నీ నోట్లో మాట లాక్కున్నట్టుంటుంది. నువ్వే చూడు. చూడకూడనిదైతే ఇరవై రెండేళ్లు దుప్పట్లో చుట్టి దాచేవాణ్ణా? చూశాక మేడంకి ఏం చెప్తావో నీ ఇష్టం. నువ్వు ఫోను చేసేటప్పుడు నేనీ హాల్లోనే ఉండను."

మామయ్య లేచారు. చెవి మీది పెన్సిలు తీశారు. ఆరేళ్లుగా ఎవర్నీ గోరు కూడా తగలనివ్వని పెట్టె దగ్గరికెళ్లి, అతుకు లేని ఆ చెక్క మీద అరచెయ్యి ఆనించి గీతల వెంబడి పైదాకా నిమిరారు. తర్వాత చెయ్యి తీసి పెన్సిలు ఆనించారు.

"కొలవకుండా గీస్తారేంటి?" అన్నారు అత్తయ్య.

మెడలోంచి టేపు తీసి ఆయన ముందు పట్టుకున్నారు. ఆయన ఒక కొస పట్టుకున్నారు. రెండో కొస ఆవిడ వదల్లేదు.

"చూస్తానని నేననలేదు" అన్నారావిడ.

"అనలేదు" అని ఒప్పుకున్నారు మామయ్య, చెక్క మీద మొదటి గీత గీస్తూ. తర్వాత మా అందరికీ వినబడేలా చెప్పారు. "రేపు పొద్దున ఏడింటికి కోస్తాను. పొట్టు పడుతుంది, మిషను మీద గుడ్డ కప్పండి. ఎనిమిదింటికల్లా తీగ పెట్టేయొచ్చు. కోడలు పిల్లా, పన్నెండోది ముందు పెట్టు."